అమ్మ నవ్వేదాకా ఆగే నాటకం

పోయిన నెల సూర్యాపేటలో ఒక హాస్య నాటిక చూశాను. పెద్ద హాలు, ఎర్ర తెర, గంట మోత ఊహించుకునేరు, అలాంటివేమీ లేవు. మా వీధి చివర పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్ ఒకటుంది. ఆదివారం సాయంత్రం దాని రెండో అంతస్తులో బెంచీలన్నీ గోడవారకు నెట్టి, ముందు చాపలు పరిచి, వెనక ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. స్టేజీ లేదు, మైకు లేదు. నటులు మెట్ల మీద నిలబడి చొక్కాలు మార్చుకున్నారు. బోర్డు మీద ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ల లెక్క ఎవరూ తుడవకుండా అలాగే ఉండిపోయింది. దాని ముందే ఒక కుర్రాడు తల మీద టవలు వేసుకుని మామగారైపోయాడు. మా పక్కింటి అమ్మాయి శ్రావణి బ్యాంకులో పని చేస్తుంది, ఆదివారాలు ఈ పిల్లలతో కలిసి నాటకాలు వేస్తుంది. తనే వచ్చి మమ్మల్ని పిలిచింది. మమ్మల్ని అంటే నన్నూ, ఎనభై దాటిన మా అమ్మనూ. అమ్మకు చెవులు బాగానే పని చేస్తాయి, మోకాళ్లే మొరాయిస్తాయి. ఇద్దరు పిల్లలు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి కుర్చీతో సహా పైకి మోసుకెళ్లి మొదటి వరసలో దించారు. పెళ్లికూతురి మర్యాద అంటే అదే.

నాటిక మొదలైన కాసేపటికి అమ్మ నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా, నలుగురిలో, గదంతా వినపడేలా నవ్వింది. మామగారి వేషం వేసిన కుర్రాడు మాట ఆపి ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు, తర్వాత రెట్టింపు హుషారుగా అందుకున్నాడు. ఆ కుర్రాడికి తెలియదు కానీ, ఆ నవ్వు కోసం ఒకప్పుడు ఎనిమిది మంది మగవాళ్లు ఊపిరి బిగబట్టి నిలబడేవారు. నాకు తెలుసు కనుక రాయకుండా ఉండలేకపోతున్నాను.

నా చిన్నతనం మిర్యాలగూడలో గడిచింది. మేము కిరాయికున్న ఇల్లు రైసుమిల్లులకు దగ్గర. తెల్లవారితే వడ్లు ఉడికే వాసన ఇంట్లోకి వచ్చేది. తెలియనివాళ్లకు అది ముక్కు మూసుకునే వాసన, నాకు మాత్రం ఇప్పటికీ ఆ వాసన తగిలితే ఆకలేస్తుంది. గాలి మిల్లుల వైపు నుంచి వీచిందంటే ఆరేసిన బట్టల మీద ఊక బూడిద సన్నగా రాలేది. అందుకని అమ్మ ఆకాశం చూడకుండా పొగగొట్టాలు చూసి బట్టలు ఆరేసేది. ఇంటికి రెండే గదులు. ముందు గదిలో నాన్న పుస్తకాలు, వెనక వంటగది, మధ్య ఒక తలుపు. ఆ తలుపు ఈ కథకు ముఖ్యం కనుక చెబుతున్నాను, లేకపోతే దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. వేసినా సగమే పడేది, తీసినా సగమే తెరుచుకునేది.

నాన్న లెక్కల పంతులు. బడిలో ఆయన నవ్వగా చూసిన పిల్లలు లేరు. అలాంటి మనిషి హాస్య నాటికలు రాసేవాడంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన మిత్రులు ఒక్కొక్కరే సైకిళ్లు గోడకానించి లోపలికి వచ్చేవారు. తోటి పంతుళ్లు, ఆఫీసు గుమాస్తాలు, కరెంటాఫీసులో పని చేసే యాదగిరి చిన్నాయిన. చిన్నాయిన మాకు రక్త సంబంధీకుడేమీ కాడు. నాన్నను అన్నా అని, అమ్మను వదినా అని పిలిచేవాడు కనుక నాకు చిన్నాయిన అయ్యాడు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. హాస్య పాత్రలన్నీ ఆయనవే. ఆడవేషానికి మనిషిని తీసుకురావడం ఆ రోజుల్లో పెద్ద తతంగం. అందుకని నాన్న తన నాటికల్లో ఆడవాళ్లనందరినీ తలుపు అవతల పెట్టేసేవాడు. భార్య ఎప్పుడూ లోపలే ఉంటుంది, అత్త లోపలే ఉంటుంది, మగవాళ్లు ఇవతల నుంచి కేకలేస్తుంటారు. రిహార్సల్‌లో నాన్న పాత్ర ప్రకారం వంటగది వైపు తిరిగి పలహారం తెమ్మని కేక వేస్తే, నిజంగానే అమ్మ చెయ్యి తలుపు సందులోంచి తపాల చెక్కల పళ్లెంతో బయటికి వచ్చేది. ఆ వేడి పళ్లెం చూశాక పాత్రలన్నీ మాటలు మరిచిపోయేవి. తిని, చాయ్ తాగి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవారు. నన్నడిగితే ఆ నాటక సమాజం నడిచింది కళ మీద కాదు, తపాల చెక్కల మీద.

అమ్మ నవ్వు గురించి చెప్పాలి. మాట వినగానే నవ్వే మనిషి కాదు. ముందు గిన్నెలో గరిటె ఆగేది. తర్వాత ఏమీ వినపడేది కాదు. ఇక నవ్వు రాదులే అనుకునేసరికి లోపలి నుంచి ఒక్కసారిగా పెద్ద నవ్వు లేచేది, దాంతోపాటు దగ్గూ వచ్చేది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఒకసారి ఒక మాట ఉంచాలా తీసేయాలా అని అందరూ వాదించుకుంటుంటే, అది చెవిన పడి అమ్మ లోపల నవ్వింది. మాట ఉంచారు. అది ఆడిన ప్రతిచోటా పండింది. అప్పటి నుంచి యాదగిరి చిన్నాయిన ఒక ఆనవాయితీ పెట్టాడు. కొత్త నాటిక ఏదైనా ముందు వంటగదికి వినపడాలి. గరిటె ఆగితే మాట ఉంటుంది, ఆగకపోతే పోతుంది. నాన్న దీన్ని ఏనాడూ ఒప్పుకోలేదు. తన మాటలను తనే దిద్దుకుంటున్నానని చెప్పేవాడు. కానీ చెప్పవలసిన మాట చెప్పి, పై కండువా సర్దుకుంటున్నట్టు నటిస్తూ, అమ్మ నవ్వు లేచి సద్దుమణిగేదాకా ఆగడం ఆయనకూ అలవాటయింది. నటులందరికీ అదే అలవాటు. చూస్తుండగానే ఆ ఆగడం నాటికలో భాగమైపోయింది.

నేరేడుచర్లలో ధాన్యం ఆరబోసే గచ్చు మీద ఆడారు. పాలకీడు బడి వరండాలో ఆడారు. సాగర్‌లో ఉద్యోగుల కోసం ఒక గదిలో ఆడితే, జనం కిటికీల్లోంచి కూడా చూశారు. నేను నాన్న వేలు పట్టుకుని అన్నిటికీ వెళ్లేదాన్ని. మొహాలకు రాసుకునే రంగుల వాసన, దాని మీద అద్దే పౌడరు వాసన, పెట్రోమాక్సు లైటు కింద కాలిన పురుగుల వాసన, అన్నీ నాకు పండగే. అమ్మ ఒక్కదానికీ రాలేదు. పోవద్దని ఆమెను ఎవరూ అనలేదు, రమ్మనీ ఎవరూ అనలేదు. అందరికీ పులిహోర కట్టి పంపడం ఆమె పని. నాటికల్లోని ప్రతి మాటా ఆమెకు నోటికి వచ్చు, ఒక్క వేషం కూడా కంటితో చూడలేదు. తిరిగి వచ్చాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మీ చిన్నాయిన ఏం తొడుక్కున్నాడు, మీ నాయిన ఎటు పక్క కూర్చున్నాడు అని అడిగి చెప్పించుకునేది. నేను చెప్పేది వింటూ బియ్యంలో రాళ్లు ఏరేది.

అన్నిటిలోకీ పేరొచ్చిన నాటికను మా ఇంట్లో గారెల నాటకం అనేవాళ్లం. పెళ్లిచూపులకు బయల్దేరిన ఒక బావగారు, అంటే యాదగిరి చిన్నాయిన, పెళ్లికూతురి ఇల్లనుకుని దాని పొరుగింట్లో దూరతాడు. అక్కడ ఆ ఇంటాయన తల్లికి నెల మాసికం జరుగుతుంటుంది. ఆ ఇంటాయన మా నాన్న. తెల్ల ధోతి కట్టుకుని, గోడకానుకుని, దిగులు మొహంతో కూర్చుంటాడు. వచ్చినవాడు బంధువే అనుకుని విస్తరి వేయిస్తాడు. బావగారు గారెలన్నీ లాగించి, ఇంత రుచి ఎక్కడా చూడలేదు, మళ్లీ ఎప్పుడు పెడతారు అని అడుగుతాడు. నాన్న కళ్లొత్తుకుంటూ, వచ్చే నెల ఇదే తిథికి పెడతాను నాయనా, ఏడాది నిండేదాకా నెలనెలా పెడతాను అంటాడు. ఇంటిపెద్ద ఎంత మర్యాదస్తుడో అనుకుని బావగారు సంబంధం ఖాయం చేసేస్తాడు. ఈ మాట మొదటిసారి విన్నరోజు అమ్మ ఎంత నవ్విందంటే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. చిన్నాయిన ఆ రోజు పాలు లేని చాయ్ తాగి కూడా సంబరపడ్డాడు.

ఆ ధైర్యంతోనే కోదాడలో జరిగే నాటికల పోటీకి పోయారు. చిన్న హాలే కానీ, చూడవచ్చినవాళ్లు నాటకాలు చూసి చూసి కాకలుతీరినవాళ్లు. కోదాడ దాటితే కృష్ణా జిల్లా, అటు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉండేవి. వాళ్లకు హాస్యం ఇట్టే అందుతుంది. మాట పూర్తికాకముందే నవ్వి, తర్వాతి మాట కోసం చెవులు రిక్కించి కూర్చున్నారు. మావాళ్లకేమో అమ్మ లెక్క అలవాటు. మాట చెప్పి, కండువా సర్దుకుని, గరిటె ఆగేంతసేపు, నవ్వు లేచేంతసేపు, దగ్గు తగ్గేంతసేపు ఆగారు. హాలులో జనం నవ్వేసి ఎప్పుడో ఊరుకున్నారు. చిన్నాయిన గారె చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మాటలు మరిచిపోయారేమోనని తెర పక్కన పుస్తకం పట్టుకుని నిలబడ్డ పంతులు తర్వాతి మాటను గట్టిగా అందించాడు. జనం ఆ పంతులికి నవ్వారు. నాటిక అయ్యేసరికి ఆ పంతులే హాస్యపాత్ర అయిపోయాడు. బహుమతుల తర్వాత న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన నాన్నను పక్కకు పిలిచాడు.

"నాటిక బాగుందండీ మాస్టారూ. కానీ మాట మాటకీ మీరంతా ఎవరి కోసం ఆగుతున్నారో మాకు బోధపడలేదండీ" అన్నాడు.

నాన్న గబగబా మొహం కడుక్కుని మమ్మల్ని బస్సెక్కించాడు. మిర్యాలగూడ వచ్చేదాకా నేను పక్క సీట్లో కూర్చుని ఆయన మొహం చూస్తూ వచ్చాను. రంగు సరిగా కడుక్కోలేదు, చెవి దగ్గర తెల్లగా మిగిలిపోయింది. మరుసటి ఆదివారం అందరూ చేరినప్పుడు, సూర్యాపేటలో ఆడతామని మాట ఇచ్చాం కనుక అక్కడ ఆడతాం, అక్కడా ఇట్లాగే అయితే ఇక నాటకాలు చాలిద్దాం అన్నాడు. బడిలో సెలవు ప్రకటించినట్టు మామూలుగానే అన్నాడు. వంటగదిలో గరిటె ఆగింది. ఎంతసేపు చూసినా నవ్వు మాత్రం రాలేదు. అప్పుడు యాదగిరి చిన్నాయిన లేచి సగం తలుపు దగ్గరికి వెళ్లాడు.

"వదినా, గీసారి నువ్వు మాతోని రావాలె. నువ్వు ముందుగాల కూసుంటే మాకు దారి తెలుస్తది. నువ్వు రాకుంటే అన్న అన్నంత పని జేస్తడు" అన్నాడు.

లోపల గరిటె మళ్లీ తిరిగింది. తర్వాత అమ్మ, "నలుగుట్ల నాకు నవ్వొస్తదో రాదో" అంది. వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు. ఆ వారమంతా ఆమె పరేషాన్‌గానే ఉంది. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. ఆడది పళ్లు కనపడేలా నవ్వకూడదని చిన్నప్పుడు వాళ్లమ్మ నోటి మీద కొట్టేదని నాకు చెప్పింది. ఇప్పుడు తన నవ్వు మీద ఎనిమిది మంది బరువు పడిందన్న సంగతి ఆమెకు అర్థమైంది. నాన్న నాటకాలు మానేస్తే ఆదివారం మధ్యాహ్నాలు ఎట్లా ఉంటాయో నాకూ అర్థమైంది. నాకు భయమేసింది. ఆ నాటకాలు లేకపోతే నాన్న వారానికి ఏడు రోజులూ లెక్కల పంతులుగానే ఉండిపోతాడు.

సూర్యాపేటలో ఒక చిన్న కల్యాణ మండపంలో ఏర్పాటు. ఆ రోజు పులిహోర కట్టడం అయ్యాక అమ్మ పెళ్లినాటి జరీ చీర తీసి కట్టుకుంది. బస్సు కిటికీ పక్కన కూర్చుని, దారి పొడవునా పొలాలు చూసింది. మండపంలో మాకు మొదటి వరసలో కుర్చీలు వేశారు. పందిరి పూలు వాడిపోయి ఇంకా స్తంభాలకు వేలాడుతున్నాయి, పొద్దున ఎవరిదో పెళ్లయింది. తెర లేచింది. తెల్ల ధోతిలో నాన్న గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. నేను నాటిక చూడలేదు, అమ్మనే చూస్తూ కూర్చున్నాను. చిన్నాయిన వచ్చాడు, మొదటి మాట చెప్పాడు, ఆగాడు. అమ్మ నవ్వలేదు. రెండో మాట చెప్పాడు, ఆగాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లార్పకుండా చూస్తోంది, పెదవి కదలదు. చిన్నాయిన కళ్లు మా వరస మీదే ఉన్నాయి. జనంలో ఎవరో దగ్గారు. వెనక కూర్చున్నవాళ్లు పక్కవాళ్లతో ముచ్చట్లు మొదలుపెట్టారు. కోదాడలో జరిగిందే మళ్లీ జరగబోతోందని నాకు తెలిసిపోయింది, ఏడుపొచ్చింది.

అప్పుడు అమ్మ లేచింది. అంతమంది ముందు నుంచి, తల వంచుకుని, పక్క తలుపులోంచి బయటికి వెళ్లిపోయింది. నేను వెంట పరిగెత్తాను. ఇంటికి పోదామంటుందేమో అనుకున్నాను. ఆమె మండపం చుట్టూ తిరిగి వెనకనున్న వంటశాలలోకి వెళ్లింది. పొద్దుటి పెళ్లి వంటల గుండిగలు బోర్లించి ఉన్నాయి, నేలంతా తడి, సాంబారు వాసన. స్టేజీ వెనక గోడకు అక్కడి నుంచి ఒక తలుపుంది. అమ్మ ఆ తలుపు ఓరగా తీసి, దానికి వీపు తిప్పి, బోర్లించిన గుండిగ మీద కూర్చుంది. నన్ను మాట్లాడొద్దని సైగ చేసింది. అవతల చిన్నాయిన గొంతు వినపడింది, గారెలు మళ్లీ ఎప్పుడు పెడతారని అడిగాడు. నాన్న గొంతు, వచ్చే నెల ఇదే తిథికి అంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత అమ్మ నవ్వింది. ఖాళీ వంటశాలలో ఆ నవ్వు గోడలకు తగిలి పెద్దదై స్టేజీ మీదికి పోయింది. దగ్గు కూడా పోయింది. అవతల జనానికి ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. మాసికం ఇంటి లోపలి నుంచి ఎవరో ఆడమనిషి పగలబడి నవ్వుతోందనుకున్నారు. ఒక్కసారిగా మండపమంతా గొల్లుమంది. ఆ తర్వాత చిన్నాయినను ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ఆ రోజు బస్సులో నాన్న వెనక్కి తిరిగి అమ్మతో, పులిహోరలో ఉప్పు సరిపోయిందని చెప్పాడు. ఆయన మెచ్చుకోలు అంతవరకే. నాటకాలు మానేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు. అప్పటి నుంచి ఏ ఊరికి పోయినా అమ్మ మాతోనే వచ్చేది. కాసేపు మొదటి వరసలో కూర్చునేది, తర్వాత లేచి వెనక్కి పోయేది. వెనక వంటశాల లేకపోతే ఏ మూల గదో, ఎడ్లబండి చాటో చూసుకునేది. నవ్వు మాత్రం టంచనుగా వచ్చేది. పాపం మా అమ్మకు నలుగురిలో నవ్వాలంటే సిగ్గు అని నేను అందరికీ చెప్పేదాన్ని. టీచరునయ్యాక ఆడపిల్లలకు ఈ కథ చెప్పి, మీరు మాత్రం ముందు కూర్చుని నవ్వండి అని పాఠం కూడా చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. యాదగిరి చిన్నాయిన కూడా లేడు. ఆ తర్వాత నాటకాలు చూడాలని నాకూ అనిపించలేదు, టీవీలో వచ్చే హాస్యానికి నవ్వాలని అసలే అనిపించదు. అందుకే శ్రావణి పిలిచినప్పుడు ముందు మొహమాటానికే వెళ్లాను. ఈ పిల్లలకు రంగులు లేవు, తెరలు లేవు, పుస్తకం పట్టుకుని మాట అందించే పంతులు లేడు. శ్రావణి ఏ తలుపు చాటునా లేదు, మధ్యలో నిలబడి మామగారిని దులిపేసింది. అది చూస్తే నాన్న ఏమనేవాడో తెలియదు కానీ, నాకు బాగా నచ్చింది. అప్పుడే బాగుండేది, ఇప్పుడేముంది అని మూతి విరిచే వయసు నాది, అయినా ఆ మాట నా నోటికి రాలేదు. నలభై మంది పట్టే గదిలో మనుషులు మనుషుల మొహాలు చూసి నవ్వుకోవడం ఇంకా మిగిలే ఉంది. అప్పుడూ చేసింది అదే.

పిల్లలు అమ్మను మళ్లీ కుర్చీలోనే కిందికి దించారు. ఇంటికి వచ్చి చాయ్ పెట్టి ఇచ్చాను. ఇంతకాలానికి నీ సిగ్గు పోయిందన్నమాట, ముందు వరసలో కూర్చునే నవ్వావు అని ఆటపట్టించాను. అమ్మ నా వైపు ఆశ్చర్యంగా చూసింది.

"సిగ్గేంది? నాకెందుకు సిగ్గు?" అంది.

మరి ఆనాడు ఇదే సూర్యాపేటలో, కల్యాణ మండపంలో లేచి వెనక్కి ఎందుకు పోయావు, ప్రతి ఊళ్లోనూ ఎందుకు పోయేదానివి అని అడిగాను. చాయ్ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని రెండు గుక్కలు తాగింది. ఇక చెప్పదులే అనుకున్నాను.

"మీ నాయిన గా తెల్ల ధోతి కట్టుకొని కూసుండె గదా. పెండ్లిల నేను తల వంచుకొనే ఉంటి, ఆయన మొకం సరిగ సూడనే లేదు. ఇంట్లయితే ఎప్పుడు పనే. మొగని మొకం అంతసేపు ఎవరు సూస్తరు బిడ్డా, ఎవరన్న జూస్తే ఏమనుకుంటరు? నాటకంల ఎంతసేపు సూశినా ఎవ్వరేమనరు. అందరు గదే పని మీదుంటరు. సూస్కుంట కూసుంటే నాకు నవ్వుడే యాదికి రాకపాయె. ఇగ మీ చిన్నాయిన పాపం నోరు తెరుసుకొని నిలవడె. ఎంతసేపని నిలవెడ్త? గందుకే లేశి పోయిన."

ఇన్నేళ్లు పిల్లలకు నేను చెప్పిన పాఠం సంగతి ఆమెకు చెప్పాలనిపించలేదు. మరి ఇవాళ ముందే కూర్చుని నవ్వావు కదా అన్నాను.

"ఇయ్యాల గాడ సూడనీకి నాకెవరున్నరు?" అంది అమ్మ. "ఇగ నవ్వుడే గదా."